బోర్డు మీద ఏం రాయాలి

మా పెదనాన్న కొడుకు చిన్నా మొన్న ఏప్రిల్‌లో పళ్ళ కొట్టు పెట్టాడు, విజయనగరంలోనే, రింగురోడ్డు వైపు. గంప కాదు, తోపుడు బండి కాదు, షట్టరున్న కొట్టు. మా ఇంట్లో మూడు తరాలుగా పళ్ళే అమ్ముతున్నాం గానీ నెత్తి మీద కప్పు, కాళ్ళ కింద గచ్చు ఉన్నచోట కూర్చుని అమ్మే మొదటి మనిషి వాడే. ఆ సంబరానికి నేను హైదరాబాద్ నుంచి రెండ్రోజులు సెలవు పెట్టి వెళ్ళా, వెళ్ళి ఊరికే ఉండకుండా ఒక గొడవ పెట్టి వచ్చా.

గొడవంతా ఫ్లెక్సీ గురించి. ఫ్లెక్సీ కొట్టే కుర్రాడు ఫోన్ చేసి "పేరేటి కొట్టమంటారన్నా" అన్నాడు. చిన్నా ముందే అనుకున్నాడు, ఏదో ఫ్రెష్ ఫ్రూట్స్ అని, ఊళ్ళో అలాంటివి పది ఉంటాయి. నేను పక్కనుంచి "రెల్లివారి పళ్ళకొట్టు అని కొట్టించరా" అన్నా. సరదాకి కాదు, నిజంగానే అన్నా. వాడు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి నా వైపు ఒక చూపు చూశాడు. "నీకేటి అన్నియ్యా, నెల తిరిగితే జీతం పడతాది, ఏదైనా సెప్తావు. ఆ ముక్క రాస్తే సగం మంది మెట్లెక్కరు" అన్నాడు.

ఉత్తరాంధ్ర అవతలి వాళ్ళకి రెల్లి అంటే తెలీకపోవచ్చు కాబట్టి రెండు ముక్కలు చెప్తా. ఎస్సీల్లో ఒక కులం మాది, విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు ఎక్కువ. ఊరు ఊడ్చే పని, పళ్ళమ్మే పని, ఈ రెండూ మాకే రాసిచ్చినట్టు ఉంటాయి. మా ఇంట్లో అయితే మగాళ్ళు మున్సిపాలిటీ, ఆడవాళ్ళు గంప. 2025లో రాష్ట్రంలో ఎస్సీ వర్గీకరణ చేసినప్పుడు మా గ్రూపు వాటా 1 శాతం, అంటే గవర్నమెంట్ ఉద్యోగం కోసం కూర్చుంటే మా పేటలో ఎంతమందికి వస్తుందో మీరే లెక్కేసుకోండి, అందుకే కొట్టు అంటే అంత సంబరం.

ఇంకో సంగతి ఉంది, ఇది మా మామ్మ చెప్తుంది. "పండుకి దేవుడు తొక్కిచ్చాడు కాబట్టి మన కాడ కొంటన్నారు, తొక్క తీసి మన సేత్తో ఇస్తే ఎవుడు తింటాడ్రా" అని. నవ్వుతూనే అంటుంది. మామ్మ నలభై ఏళ్ళు గంటస్తంభం చుట్టుపక్కల గంప పెట్టుకుని అమ్మింది. పనసకాయ కోసి తొనలు లెక్కన అమ్మితే కాయకి రెండింతలు వస్తాయని ఆవిడకి తెలీక కాదు, కానీ ఎప్పుడూ కోసేది కాదు, కాయని కాయలాగే ఇచ్చేసేది. ఆ కాయని కొనుక్కెళ్ళి పక్క సందులో కోసి తొనలమ్మిన వాళ్ళు కొట్టు వేసుకున్నారు. చిన్నప్పుడు నాకు ఇది అర్థం కాలేదు. మిగిలేదంతా తొక్క తీసిన తర్వాతే ఉంది, మాకేమో తొక్క దగ్గరే ఆపేశారు.

చిన్నా గాడి ప్లాను జ్యూసు మిక్సీ. కొట్టులో ఒక మూల మిక్సీ పెట్టి బత్తాయి, అనాస, సపోటా మిల్క్ షేక్ అమ్మాలని. అందుకే వాడికి బోర్డు మీద కులం పేరు వద్దు. తొక్క తీసిన వ్యాపారం చేద్దామనుకుంటున్నాడు కదా మరి.

సరే, నాకు ఈ బోర్డు పిచ్చి ఎక్కడ పట్టుకుందో చెప్పాలి. అమెరికాలో, నార్త్ కరోలినాలో డర్హం అని ఊరు, 2019 నుంచి 2021 దాకా మా సాఫ్ట్‌వేర్ కంపెనీ పని మీద అక్కడున్నా. మనవాళ్ళంతా కేరీ, మోరిస్‌విల్ వైపు ఉంటారు, గుడి, ఇండియన్ స్టోర్లు అన్నీ అటే, నేను అద్దె తక్కువని డర్హంలో దిగా. దిగిన వారంలోనే ఒక తెలుగాయన "ఫాయెట్‌విల్ స్ట్రీట్ వైపు మాత్రం పోకండి, అదంతా వాళ్ళ ఏరియా" అన్నాడు, వాళ్ళంటే నల్లజాతి వాళ్ళు. వాళ్ళ ఏరియా అన్న మాట చెవిన పడగానే నాకు మా పేట కళ్ళముందుకొచ్చింది, మా ఊళ్ళో కొత్తగా ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన వాళ్ళకి ఇళ్ళు చూపించే బ్రోకరు అచ్చం ఇదే మాట ఇదే గొంతుతో అంటాడు. దాంతో ఆ ఆదివారమే పనిగట్టుకుని వెళ్ళా. వెళ్ళడానికి ఒక వంక కావాలి కదా, క్రాఫు పెరిగింది, బార్బర్ షాపు కనిపించింది, దూరిపోయా.

ఆ బార్బర్‌కి డెబ్భై దాటి ఉంటాయి. నా జుట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి "ఇలాంటిది ఎప్పుడో గానీ చెయ్యను, బాగా రాకపోతే డబ్బులివ్వకు" అన్నాడు. ఏం చెడగొట్టలేదు. ఆ తర్వాత రెండేళ్ళూ ఆయన దగ్గరికే వెళ్ళా, క్రాఫు కంటే కబుర్ల కోసం. అక్కడ బార్బర్ షాపంటే మన టీ బడ్డీ, రచ్చబండ, యూనియన్ ఆఫీసు మూడూ కలిపినట్టు ఉంటుంది.

ఆయన చెప్పిన వాటిలో నాకు బాగా పట్టేసింది జాన్ మెరిక్ కథ. 1859లో బానిసగా పుట్టాడు ఆ మనిషి. ఇటుకల పని చేశాడు, తర్వాత క్షౌరం నేర్చుకున్నాడు, డర్హం వచ్చి ఒక షాపు కాస్తా చాలా షాపులు చేశాడు. సిగరెట్ల కంపెనీతో కోటీశ్వరులైన డ్యూక్ కుటుంబం వాళ్ళు కూడా ఆయన దగ్గరే గడ్డం గీయించుకునేవాళ్ళు. 1898లో ఇంకొందరు నల్లజాతి వాళ్ళతో కలిసి ఒక ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టాడు, నార్త్ కరోలినా మ్యూచువల్ అని. మొదట్లో అది చావు ఖర్చులకి చిన్న చిన్న మొత్తాలు కట్టించుకునే పాలసీలు. మా పేటలో చావు చీటీ అని ఉండేది, ఇంటికి ఇంత అని ఎవరైనా పోతే పాడె ఖర్చు, భోజనాల ఖర్చు అందులోంచి తీసేవాళ్ళు, ఇంచుమించు అదే. మా చీటీ చీటీ లాగే ఉండిపోయింది, వాళ్ళది దేశంలో నల్లజాతి వాళ్ళ కంపెనీల్లో అతి పెద్ద వాటిలో ఒకటి అయింది. మన దగ్గర ఒక నాయీబ్రాహ్మణుడు కత్తెర పక్కన పెట్టి ఎల్ఐసీ స్థాపించాడు అనుకోండి, అలా ఉంటుంది.

1908లో వాళ్ళే బ్యాంకు తెరిచారు, మెకానిక్స్ అండ్ ఫార్మర్స్ బ్యాంక్. ఆ ఆఫీసులున్న పారిష్ స్ట్రీట్‌ని బ్లాక్ వాల్ స్ట్రీట్ అనేవాళ్ళు. నల్లజాతి వాళ్ళు ముందు వ్యాపారాలు, పనితనం చూసుకోవాలన్న బుకర్ టి వాషింగ్టన్, కాదు ముందు హక్కులు చదువు అన్న డుబోయిస్, ఇద్దరికీ చాలా విషయాల్లో పడేది కాదు, అలాంటిది ఇద్దరూ డర్హం వచ్చి చూసి మెచ్చుకుని రాశారు. నాకు ఇందులో నచ్చింది ఏంటంటే బ్యాంకు ఉంది కాబట్టి ఇల్లు కట్టుకోడానికి అప్పు పుట్టింది, వేరే బ్యాంకు వాళ్ళు మొహం చూసి పొమ్మన్న వాళ్ళకి ఇక్కడ పుట్టింది. కొట్టు వెనకాల ఇంకో కొట్టు ఉండాలి అనేవాడు మా బార్బర్ పెద్దాయన, దాని వెనకాల ఇంకోటి.

తర్వాత రోడ్డు పడింది. ఫాయెట్‌విల్ స్ట్రీట్ వైపున్న ఆ నల్లజాతి వాళ్ళ పేట పేరు హేటై, అరవైల్లో, డెబ్భైల్లో అర్బన్ రెన్యూవల్ అని పాత ఇళ్ళు కొట్టేసి మధ్యలోంచి ఫ్రీవే వేశారు. వందకి పైగా షాపులు పోయాయి, వేల మంది ఇళ్ళు ఖాళీ చేశారు. పెద్దాయన వాళ్ళ నాన్న షాపు కూడా అందులోనే పోయిందట. నేను రోజూ ఆఫీసుకి కారులో వెళ్ళేది ఆ ఫ్రీవే మీదే, 147. ఈ కథ విన్న తర్వాత సోమవారం ఆ రోడ్డెక్కితే కడుపులో ఒక రకంగా అనిపించింది, ఎవరి కుర్చీ మీదుగా పోతున్నానో అని. టల్సా సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది, 1921లో ఆ ఊళ్ళో నల్లజాతి వాళ్ళ పేట గ్రీన్‌వుడ్‌లో తెల్లవాళ్ళ గుంపు రెండ్రోజుల్లో 35 బ్లాకులు తగలబెట్టింది, ఇన్సూరెన్సు క్లెయిములు కూడా ఇవ్వలేదు. డర్హంలో అగ్గిపుల్ల అక్కర్లేకపోయింది, ప్లాను కాగితం సరిపోయింది. మా ఊళ్ళో రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా ముందు లేచిపోయేది ఎవరి బండ్లో నేను చెప్పక్కర్లేదు.

2020 మేలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని పోలీసులు చంపేశాక నేను ఈ స్టిక్కర్లు చూశా. షాపుల అద్దాల మీద బ్లాక్ ఓన్డ్ అని, అంటే ఇది నల్లజాతి వాళ్ళ షాపు అని. అదే జూలైలో గూగుల్ మ్యాప్స్‌లో కూడా ఆ గుర్తు పెట్టుకునే సదుపాయం ఇచ్చారు. అమ్మో అనుకున్నా నేను. మా ఇంట్లో ఇంటి పేరు అడిగితే మాట మార్చడం నేర్పించారు, ఇక్కడేమో వాళ్ళే అద్దం మీద అంటించి రండి అంటున్నారు, జనం లైను కట్టి కొంటున్నారు. ఆ రోజుల్లో పెద్దాయన షాపు ముందు కూడా తెల్లవాళ్ళు వచ్చి కాచుకున్నారు, కోవిడ్ రూల్సు కదా, బయట కుర్చీలేసుకుని.

నేను చాలా ఉత్సాహంగా "బాగుంది కదా ఇది" అన్నా. ఆయన కత్తెర ఆపకుండా చెప్పింది ఇప్పటికీ నా బుర్రలో తిరుగుతుంది. వచ్చేవాళ్ళు మంచివాళ్ళే, కాదనను, కానీ వాళ్ళు నామీద జాలితో వచ్చారు, జాలి చలికాలం దాకా ఉండదు. నాకు గిరాకీ ఎప్పుడూ కష్టం కాలేదు, మావాళ్ళు నాలుగు తరాలుగా వస్తూనే ఉన్నారు. ఈ బిల్డింగు నాది కాదు, అది కష్టం. అద్దె ఎవరు పెంచుతాడో వాడిది ఈ షాపు. ఇలా అన్నాడు. చలికాలం వచ్చింది, లైను లేదు. నేనూ ఆయనా ఇద్దరమే ఉన్నాం ఒక జనవరి సాయంత్రం, అద్దం మీద స్టిక్కరు ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది.

ఆ మాట విన్నాక మామ్మ లెక్క ఒకటి కూర్చుని వేశా. మామ్మకి రోజూ గంప నింపుకోడానికి పెట్టుబడి కావాలి. అది డైలీ ఫైనాన్స్. పదివేలు అప్పు అంటే చేతికిచ్చేది తొమ్మిది వేలే, వెయ్యి ముందే పట్టుకుంటాడు, తర్వాత రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ రోజూ తీరుస్తూ పోతుంటే సగటున ఆవిడ చేతిలో ఉన్నది నాలుగున్నర వేలే, దానికి వంద రోజులకి వెయ్యి వడ్డీ, ఏడాదికి వేస్తే 80 శాతం చిల్లర. తీరిన రోజే మళ్ళీ తీసుకునేది. అంటే ఏడాదికి మూడున్నర సార్లు. ఎన్నేళ్ళు? ముప్పై ఏళ్ళకి పైనే. అప్పట్లో మొత్తాలు చిన్నవే అయినా పద్ధతి అదే. ఇది కాక మండీ వాళ్ళు అప్పు మీద సరుకిస్తారు, రేటు వాళ్ళు చెప్పిందే, ఇంకోచోట కొన్నావని తెలిస్తే మర్నాడు సరుకుండదు. కూర్చున్న చోటుకి రోజువారీ ఆశీలు. ఇవన్నీ పోగా మిగిలిన దాంతో మామ్మ ముగ్గురు పిల్లల్ని పెంచింది, అదెలా చేసిందో నేను ఎమ్మెస్ ఎక్సెల్ పెట్టుకుని కూడా చెప్పలేను.

ఇక్కడ నా ఆలోచన పూర్తిగా తిరగబడింది. నేను మన వాళ్ళ దగ్గర కొనండి, మన వాళ్ళ దగ్గర కొనండి అని తిరిగేవాణ్ణి. మామ్మ దగ్గర ఊరంతా కొన్నది. నలభై ఏళ్ళు కొన్నది. కొనేవాళ్ళకి లోటెప్పుడు? రూపాయి వచ్చింది, సాయంత్రానికి మండీకి, ఫైనాన్స్‌కి వెళ్ళిపోయింది, మా పేటలో రాత్రి పడుకోలేదు అది.

మెంఫిస్ సంగతి మా నాన్నకి ఫోన్లో చెప్పా ఒకసారి. 2023 డిసెంబర్ చివర్లో మన రాష్ట్రంలో మున్సిపల్ కార్మికులు సమ్మె చేశారు కదా, రెండు వారాల పైన నడిచింది, నాన్న కూడా టెంటులో కూర్చున్నాడు, ఆయన అవుట్‌సోర్సింగ్. చలిలో కూర్చున్న మనిషికి ఏదో ఒకటి చెప్దామని, మెంఫిస్ అని అమెరికాలో ఊరు నాన్నా, 1968 ఫిబ్రవరిలో చెత్త లారీలో నలిగి ఇద్దరు పనివాళ్ళు చచ్చిపోయారు, దాంతో చెత్తెత్తే వాళ్ళంతా సమ్మె చేశారు, నేనూ మనిషినే అని అట్టలు మెడలో వేసుకుని ఊరేగింపు తీశారు, మార్టిన్ లూథర్ కింగ్ వచ్చింది వాళ్ళ కోసమే, అక్కడే ఏప్రిల్ 4న కాల్చి చంపేశారు అని చెప్పా. నాన్న కాసేపు మాట్లాడలేదు. "మరి నెగ్గారేటి?" అన్నాడు. నెగ్గారు, ఆయన చనిపోయిన పన్నెండో రోజుకి యూనియన్‌ని ఒప్పుకున్నారు, జీతాలు పెంచారు.

చనిపోయే ముందు రాత్రి కింగ్ ఇచ్చిన ఉపన్యాసంలో నేను కొండ శిఖరం దాకా వెళ్ళొచ్చా అన్న ముక్క అందరికీ తెలుసు. అదే ఉపన్యాసంలో ఆయన డబ్బు గురించి చాలాసేపు మాట్లాడాడు, అది ఎవరూ స్టేటస్‌లో పెట్టరు. పెద్ద బ్యాంకుల్లోంచి మీ డబ్బు తీసి మన ట్రైస్టేట్ బ్యాంకులో వేసుకోండి, మన ఇన్సూరెన్స్ కంపెనీల్లో పాలసీలు తీసుకోండి, మన వాళ్ళకి సరైన ఉద్యోగాలివ్వని కంపెనీల కూల్‌డ్రింకు, పాలు, బ్రెడ్డు కొనకండి అని బ్రాండ్ల పేర్లతో సహా చెప్పాడు. చీపురు పట్టుకున్న వాళ్ళ సమ్మెలో బ్యాంకు ఖాతా గురించి మాట్లాడటం ఏంటి అనిపిస్తుంది ముందు. జీతం పెరిగితే ఆ పెరిగింది ఎవరి గల్లాలోకి పోతుంది అన్నది ఆయన ముందే ఆలోచించాడు. నాన్నకి ఈ ముక్క బాగా నచ్చింది, టెంటులో నలుగురికి చెప్పాడట, నా పేరు చెప్పకుండా.

అలా అని మన బ్యాంకు అన్నవన్నీ మనల్ని కాపాడేశాయి అని కాదు. అమెరికాలో బానిసత్వం పోతున్న రోజుల్లో, విడుదలైన వాళ్ళ కోసం 1865లో ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంక్ పెట్టారు, పేరు వాళ్ళదే, పెత్తనం ఎక్కువగా తెల్లవాళ్ళది, ఇష్టమొచ్చినట్టు అప్పులిచ్చి 1874లో మునిగిపోయింది, అరవై వేలకి పైగా డిపాజిటర్లు, వాళ్ళ సొమ్ము ముప్పై లక్షల డాలర్ల దగ్గర దగ్గర ఇరుక్కుపోయింది. ఆఖర్లో బానిసత్వం మీద పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ని తెచ్చి ప్రెసిడెంట్‌గా కూర్చోబెట్టారు, ఆయన తన సొంత డబ్బు పదివేలు కూడా వేశాడు పాపం, లోపలంతా గుల్ల అని తర్వాత తెలిసింది. మన దగ్గర చీటీల కంపెనీ బోర్డు తిప్పేసిన రోజు షట్టర్ ముందు నిలబడ్డ వాళ్ళకి ఇది ప్రత్యేకంగా వివరించక్కర్లేదు.

అమెరికాలోనే రిచ్‌మండ్ అనే ఊళ్ళో మ్యాగీ వాకర్ అని ఒక నల్లజాతి ఆవిడ ఉండేది, చాకలి పని చేసే తల్లి కూతురు. 1903లో పెన్నీ సేవింగ్స్ బ్యాంక్ పెట్టింది, పెన్నీ అంటే మన పైసా అనుకోండి, పైసలు దాచుకోమని. ఆ బ్యాంకు నిలబడింది. కానీ 1905లో ఆవిడ వాళ్ళే ఒక పెద్ద బట్టల దుకాణం కూడా తెరిచారు, నల్లజాతి ఆడవాళ్ళే సేల్స్ గర్ల్స్‌గా, అది ఆరేడేళ్ళకే మూసేయాల్సొచ్చింది. తెల్ల వ్యాపారులు ఏకమై హోల్‌సేల్ వాళ్ళ మీద ఒత్తిడి పెట్టారు, వాళ్ళకి సరుకిస్తే మేం మీ దగ్గర కొనం అని. సొంత జనం కూడా అనుకున్నంత రాలేదు. ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది నాకు, మండీ ఎక్కడైనా మండీయే.

ఇంక మా చిన్నా గాడి కొట్టుకి వస్తా. పెట్టుబడికి వాడు ముందు ఒక బ్యాంకుకి వెళ్ళాడు, ఏ బ్యాంకో వద్దు. 2016లో స్టాండప్ ఇండియా అని పథకం పెట్టారు, ఎస్సీ ఎస్టీలకి, ఆడవాళ్ళకి 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు, ప్రతి బ్రాంచీ కనీసం ఒక ఎస్సీకి గానీ ఎస్టీకి గానీ, ఒక ఆడమనిషికి ఇవ్వాలని. వీడు ఆరుసార్లు తిరిగాడు. ఒకసారి ఫీల్డాఫీసర్ లేడు, ఒకసారి ప్రాజెక్టు రిపోర్టు ఫార్మాటు బాలేదు, ఒకసారి తాకట్టుకి ఏముంది అన్నారు, తాకట్టు పెట్టడానికి ఏదైనా ఉంటే ఇక్కడికెందుకొస్తా సార్ అన్నాడట వీడు, దాంతో ఆరోసారి అయిపోయింది. ఆఖరికి పెదనాన్న మున్సిపాలిటీలో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు కొంత, పెద్దమ్మ డ్వాక్రా లోను, నేనొక రెండు లక్షలు. సొంత కాళ్ళ మీద నిలబడ్డాం అని గొప్పగా చెప్తున్నా గానీ అందులో ఒక కాలు నా సాఫ్ట్‌వేర్ జీతం, అది కూడా చెప్పుకోవాలి.

కొట్టు కంటే నాకు ముఖ్యం అనిపించిన పని దాని వెనకాల జరిగింది. మా పేటలో పళ్ళమ్మే ఆడవాళ్ళు తొమ్మిది మంది, మనిషికి ఇరవై వేలు వేసి లక్షా ఎనభై వేలు చేసి, గంట్యాడ వైపు ఒక రైతు దగ్గర సువర్ణరేఖ మామిడి తోట కాపు పిందె మీదే కొనేశారు. ఎప్పుడూ కాపు కొనేది పెద్ద వ్యాపారులు, వీళ్ళు మండీలో ఆ కాయే రెట్టింపుకి తెచ్చుకునేవాళ్ళు. ఐడియా నాది కాదు, మా సత్తెవ్వ పిన్నిది. నేను డర్హం కథలన్నీ చెప్తుంటే మధ్యలో ఆపి "అంటే ఏటి, గంప కాడ కాదు సెట్టు కాడ ఉండాలంటావు" అంది, అంతే. ఒక్క ముక్కలో తేల్చేసింది, నాకు రెండేళ్ళు, ఒక వీసా పట్టింది దానికి.

సాఫీగా ఏం జరగలేదు. ఏప్రిల్ ఆఖర్లో గాలివాన వచ్చి ఒక్క సాయంత్రం కాయ చాలా రాలిపోయింది, రాలిన కాయ పచ్చళ్ళ వాళ్ళకి వచ్చిన రేటుకి ఇచ్చేశారు. కాయ ఏరేటప్పుడు పెద్ద కాయ ఎవరి గంపలోకి పోతుందని ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు, ఇప్పటికీ మాటల్లేవు, పెళ్ళిలో ఎదురైనా అంతే. తోట కొన్నారని తెలిసి మండీ ఆయన రెండు వారాలు మావాళ్ళకి అరటి గెలలివ్వలేదు, రిచ్‌మండ్ కథ నేను చెప్పి ఉండకపోతే అప్పుడే భయపడి వదిలేసేవాళ్ళేమో, పార్వతీపురం వైపు నుంచి ఆటో మాట్లాడుకుని గెలలు తెచ్చుకున్నారు. సీజను అయ్యాక లెక్క చూస్తే ఖర్చులన్నీ పోను మనిషికి ఇరవయ్యారు వేలు చిల్లర చేతికొచ్చింది. ఆరు వేలు లాభం. పెద్ద మొత్తం కాదు. కానీ ఆ వంద రోజులూ తొమ్మిది మందిలో ఏడుగురు డైలీ ఫైనాన్స్ ఎత్తలేదు, నాకు ఆ లెక్కే గొప్ప. వచ్చే ఏడు సీతంపేట అనాస మాట్లాడాలని చూస్తున్నారు, అక్కడ సవర గిరిజన రైతుల దగ్గర నేరుగా. అక్కడా మధ్యలో షావుకార్లు కొత్త కాదు కదా, చూడాలి.

ఇదంతా ఆఫీసులో ఒక ఫ్రెండ్‌కి చెప్తే "బాగానే ఉంది గానీ బోర్డు మీద కులం ఎందుకు బ్రో, అది కూడా కులపిచ్చే కదా" అన్నాడు. వాడు మంచోడే. నేను అడిగా, హైదరాబాద్‌లో శాస్త్రిగారి పేరుతో పొడులు, రాజుగారి పేరుతో పులావు, రెడ్డిగారి పేరుతో మెస్సు, బ్రాహ్మణ భోజనం అని పెద్దక్షరాలతో హోటలు, ఇవన్నీ చూసి ఎప్పుడైనా కులపిచ్చి అనుకున్నావా? రుచి గ్యారంటీ అనుకున్నావు. వాళ్ళ కులం బ్రాండు, మాది రహస్యం. అంబేద్కర్ అంతటి వాడు, కొలంబియా యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదువుకుని వచ్చి బొంబాయిలో షేర్ల సలహాల కంపెనీ పెడితే ఆయన కులం తెలిశాక క్లయింట్లు రావడం మానేశారు. షేరుకి తొక్క కూడా లేదు మరి.

ఇంత వాగినవాణ్ణి బోర్డు విషయంలో ఓడిపోయా. చిన్నా ఫ్రెష్ ఫ్రూట్స్ అండ్ జ్యూసెస్ అనే కొట్టించాడు, ఫ్లెక్సీ కుర్రాడు ఇంటర్నెట్లోంచి తీసి కివీ, డ్రాగన్ ఫ్రూటు, స్ట్రాబెర్రీ బొమ్మలు పెట్టాడు, అవేవీ కొట్టులో ఉండవు. కోపమొచ్చింది, నిజం చెప్తున్నా. తర్వాత జూన్‌లో మళ్ళీ వెళ్ళినప్పుడు చూస్తే లోపల గోడకి అంబేద్కర్ ఫోటో ఉంది. సరిగ్గా ఫోన్‌పే క్యూఆర్ కోడ్ పైన. "డబ్బులు కొట్టాలంటే తలెత్తి అటు సూడాల్సిందే అన్నియ్యా, అప్పటికి జ్యూసు తాగేసుంటారు" అన్నాడు. వీడి బుర్రకి నేను ఎమ్మెస్సీ చదివి కూడా సరిపోను. జ్యూసు బాగానే పోతోంది, బత్తాయి ఎక్కువ. ఫోటో చూసి గ్లాసు సగంలో పెట్టేసి వెళ్ళిపోయిన ఆయన ఒకడున్నాడట, డబ్బులు మాత్రం కొట్టాడు. మళ్ళీ రాలేదు. పక్కనున్న కోచింగ్ సెంటర్ పిల్లలకి ఆ గొడవేం పట్టదు, రోజుకి రెండుసార్లొస్తారు.

మామ్మ సాయంత్రాలు కొట్టుకొచ్చి గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. మిక్సీ వైపు అనుమానంగా చూస్తుంది గానీ ఏమీ అనదు. నేనున్న రోజు ఏడు గంటలప్పుడు ఒక బండి వచ్చి మెట్ల దగ్గర ఆగింది, డైలీ ఫైనాన్స్ కుర్రాడు, మామ్మకి పదేళ్ళుగా తెలిసినవాడే. బండి స్టాండు చప్పుడు వినగానే మామ్మ చెయ్యి దానంతటదే రొంటిన ఉన్న సంచిలోకి పోయింది, మడత పెట్టిన వంద నోటు బయటికొచ్చింది. ఆ కుర్రాడు నవ్వేశాడు. "నీది ఎప్పుడో తీరిపోనాది మామ్మా, పళ్ళకొచ్చాను, రెండు కేజీలు సువర్ణరేఖ ఎయ్యమను" అన్నాడు.

మామ్మ నోటు మళ్ళీ మడత పెట్టి సంచిలో వేసుకుని, వాడు వినేలాగే చిన్నాతో అంది, "తూకం సరిగ్గా ఎయ్యి, రేటు మాత్రం తగ్గించకు. ఆడు మనకెప్పుడూ రూపాయి తగ్గించలేదు."